మారకూడని వరుసకు పూచీ ఎవరిది?

జావా ప్రోగ్రామర్లలో ఒక మాట వేదవాక్కులా చలామణీ అవుతోంది: "యూనిట్ టెస్ట్ డేటాబేస్‌ను ముట్టుకోకూడదు." అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇదే చెబుతున్నారు. ఇంటర్వ్యూల్లో ఇదే జవాబు రాబడుతున్నారు. కొత్తగా చేరిన కుర్రాడు అసలు డేటాబేస్ మీద టెస్ట్ రాస్తే, కోడ్ రివ్యూలో ఇదే మాట చెప్పి వెనక్కి పంపుతున్నారు. దాని బదులు ఏం చేయమంటున్నారు? మాకిటో అనే లైబ్రరీతో ఒక మాక్ (నకిలీ) కనెక్షన్, ఒక మాక్ స్టేట్‌మెంట్ తయారుచేసి, ఎగ్జిక్యూట్‌అప్‌డేట్ అనే మెథడ్‌కు పిలుపు వెళ్లిందో లేదో చూడమంటున్నారు. పిలుపు వెళ్లింది, పచ్చ గీత వచ్చింది, పని అయిపోయింది.

అప్‌డేట్ క్వెరీల విషయంలో ఈ అభిప్రాయం తప్పు. పైగా ప్రమాదకరం. అప్‌డేట్ క్వెరీని అది రేపు ఏ డేటాబేస్ ఇంజిన్ మీద నడుస్తుందో అదే ఇంజిన్ మీద, నిజమైన టేబుల్‌లో, నిజంలాంటి వరుసల మీద నడిపి చూడాలి. అలా చూడని టెస్ట్ ఆ క్వెరీ గురించి ఏమీ చెప్పదు. అలా నడిపినా, మారాల్సిన వరుస మారిందని చూసి ఆగిపోతే సగం పనే అయినట్టు. మారకూడని వరుసలు చెక్కుచెదరలేదని చూడటమే పెద్ద సగం. ఆ పెద్ద సగాన్ని మాక్ టెస్ట్ ఎప్పటికీ చూడలేదు. ఈ సంగతి చెప్పడానికి సూర్యాపేట జిల్లా నేరేడుచర్లను ఉదాహరణగా తీసుకుంటాను. పదేళ్లలో ఒక ఊరి వివరాలు ఎన్నిసార్లు మారగలవో చూపడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఒక ఊరు, పదేళ్ల అప్‌డేట్లు

2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అప్పటిదాకా నల్లగొండ జిల్లాలో ఉన్న నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. పక్కనే ఉన్న మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అదే విభజనలో నేరేడుచర్ల మండలం నుంచి కొన్ని గ్రామాలు విడిపోయి పాలకీడు మండలం ఏర్పడింది. 2018లో నేరేడుచర్ల పంచాయతీ మున్సిపాలిటీ అయింది. భూముల సంగతి చూస్తే 2017లో రికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్ 14న దాని చోట భూభారతి. రైతుకు పెట్టుబడి సాయం 2018లో ఎకరాకు సీజన్‌కు రూ.4,000తో మొదలై రూ.5,000 అయింది. 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో రూ.6,000కు చేరింది. 2024 మార్చిలో కొత్త వాహనాల నంబర్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది.

పాలనలో ఇవి జీవోలు, గెజిట్లు. కంప్యూటర్‌లోకి వచ్చేసరికి వీటిలో చాలావాటికి ఒక అప్‌డేట్ క్వెరీ కావాలి. ప్రభుత్వ శాఖ ఒక్కటే కాదు, బ్యాంకు, బీమా సంస్థ, గ్యాస్ ఏజెన్సీ, ఎరువుల కంపెనీ, కొరియర్ సంస్థ, ఇలా చిరునామా దాచుకునే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఎవరో ఒక ప్రోగ్రామర్ "జిల్లా కాలమ్‌లో సూర్యాపేట అని పెట్టు" అని రాయాల్సిందే. ఆ వాక్యం రాయడం చిటికెలో పని. ఏ వరుసలకు పెట్టాలి, ఏ వరుసలను వదిలేయాలి అన్నదే కష్టం. నల్లగొండ అని ఉన్నవన్నీ మార్చేస్తే మిర్యాలగూడ కూడా సూర్యాపేటకు పోతుంది. టీఎస్ అని ఉన్నవన్నీ టీజీ చేసేస్తే పాత బండ్ల నంబర్లన్నీ తప్పవుతాయి, ఎందుకంటే ఆ మార్పు కొత్త రిజిస్ట్రేషన్లకే వర్తించింది. ఇలాంటి క్వెరీ బాగోగులన్నీ వేర్ క్లాజులోనే ఉంటాయి. ఆ వేర్ క్లాజును చదివి అర్థం చేసుకుని అమలు చేసేది డేటాబేస్. జావా దాన్ని ఒక అక్షరాల దండగానే చూస్తుంది.

ఇంకొంచెం దగ్గరికి వెళ్దాం. ఒక భూమి సర్వే నంబరు 112. పట్టాదారు పేరు మార్చాలి. ప్రోగ్రామర్ వేర్ క్లాజులో సర్వే నంబరు 112 అని పెట్టి, గ్రామం కోడ్ మరచిపోయాడు. సర్వే నంబర్లు ప్రతి రెవెన్యూ గ్రామంలోనూ ఒకటి నుంచి మొదలవుతాయి. చిల్లేపల్లిలో 112 ఉన్నట్టే పెంచికల్‌దిన్నెలోనూ 112 ఉండవచ్చు, రాష్ట్రంలో మరెన్నో గ్రామాల్లో ఉండవచ్చు. ఆ క్వెరీ ఒక్కసారి నడిస్తే అన్ని ఊళ్లలోని 112లకూ ఒకే పట్టాదారు వస్తాడు. మాక్ టెస్ట్ ఏమంటుంది? స్టేట్‌మెంట్ తయారైంది, రెండు విలువలు అందాయి, ఎగ్జిక్యూట్‌అప్‌డేట్ ఒకసారి నడిచింది, మాక్ తనకు ముందే చెప్పిపెట్టిన 1 అనే సంఖ్యను తిరిగి ఇచ్చింది. పాస్. ఆ 1 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రోగ్రామరే పెట్టాడు. తాను పెట్టిన సంఖ్య తనకే తిరిగొస్తే దాన్ని రుజువు అంటున్నాం.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. లాకుల దగ్గర నీళ్లు వదిలినట్టు పుస్తకంలో రాసుకోవడం ఒకటి, చివరి ఆయకట్టు మడిలో నీళ్లు నిలవడం మరొకటి. మాక్ టెస్ట్ లాకుల దగ్గరి పుస్తకాన్ని మాత్రమే చూస్తుంది.

పూర్వపక్షం ఏమంటుంది?

ఎదుటి వాదనను బలహీనంగా చెప్పి కొట్టడం న్యాయం కాదు. దాని బలమంతా ఇక్కడ పెడతాను. ఒకటి, యూనిట్ టెస్ట్ అంటే విడిగా, బయటి దేనిమీదా ఆధారపడకుండా నడవాలి. డేటాబేస్ తగిలితే అది ఇంటిగ్రేషన్ టెస్ట్, దాని చోటు వేరు. రెండు, డేటాబేస్ టెస్టులు నెమ్మది. వేల టెస్టులున్న ప్రాజెక్టులో ప్రోగ్రామర్ వాటిని నడపడమే మానేస్తాడు. మూడు, అవి పెళుసు. ఒకరి టెస్ట్ వదిలిన డేటాకు మరొకరి టెస్ట్ ఫెయిలవుతుంది. నాలుగు, మరీ కావాలంటే హెచ్2 లాంటి ఇన్-మెమరీ డేటాబేస్ ఉంది, అది చాలు. ఐదు, ఈ రోజుల్లో ఎస్‌క్యూఎల్ ఎవరు రాస్తున్నారు, హైబర్నేటే రాసిపెడుతుంది.

మొదటి వాదనకు పెద్ద ఆధారంగా చూపేది మైకేల్ ఫెదర్స్ 2005లో రాసిన చిన్న జాబితా. డేటాబేస్‌తో మాట్లాడేది, నెట్‌వర్క్ దాటేది, ఫైళ్లను తాకేది యూనిట్ టెస్ట్ కాదని అందులో ఉంది. నిజమే. అయితే ఆయన అక్కడ ఆగలేదు. అలాంటి టెస్టులు చెడ్డవి కావని, చాలాసార్లు రాయదగ్గవేనని, వేగంగా నడిచేవాటి నుంచి వాటిని వేరు చేయగలిగితే చాలని ఆ వెంటనే చెప్పాడు. మనవాళ్లు మొదటి సగాన్ని నియమం చేసుకుని రెండో సగాన్ని వదిలేశారు. మాక్‌ల వాడకాన్ని పద్ధతిగా నేర్పిన స్టీవ్ ఫ్రీమన్, నాట్ ప్రైస్ 2009 నాటి తమ పుస్తకంలో నీవి కాని టైపులను మాక్ చేయవద్దని హెచ్చరించారు. కనెక్షన్, ప్రిపేర్డ్‌స్టేట్‌మెంట్ మనవి కావు. అవి 1997లో జావాలోకి వచ్చిన జేడీబీసీ ఇంటర్‌ఫేసులు. వాటి వెనక ఏం జరుగుతుందో నిర్ణయించేది డ్రైవర్, డేటాబేస్. మాక్ పద్ధతి పెద్దలే వద్దన్న చోట మాక్ పెట్టి, దాన్ని క్రమశిక్షణ అనుకుంటున్నాం.

అసలు డేటాబేస్ మీద నడిచే టెస్టును ఏ పేరుతో పిలిచినా నాకు అభ్యంతరం లేదు. ఇంటిగ్రేషన్ అనండి, రిపాజిటరీ టెస్ట్ అనండి, వేరే ఫోల్డర్‌లో పెట్టండి. నా అభ్యంతరం పేరు వేరని చెప్పి పనిని వాయిదా వేయడం మీద. "అది ఇంటిగ్రేషన్ వాళ్ల పని" అన్న చోట చాలా జట్లలో ఆ పని ఎవరిదీ కాకుండా పోతోంది. మాక్ టెస్ట్ కవరేజీ లెక్కలో ఆ లైన్లను పచ్చగా చూపిస్తుంది కాబట్టి, లోటు ఉందన్న సంగతి కూడా ఎవరికీ కనబడదు. టెస్ట్ లేని క్వెరీకన్నా మాక్ టెస్ట్ ఉన్న క్వెరీ ఎక్కువ ప్రమాదమని నేనంటున్నది అందుకే. మొదటిదాన్ని ఎవరో ఒకరు అనుమానిస్తారు. రెండోదాన్ని అందరూ నమ్ముతారు.

గుంటల లెక్క

మాక్ ఎందుకు చాలదో ఒక లెక్కతో చూపిస్తాను. తెలంగాణలో భూమి విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటల్లో రాస్తారు. 40 గుంటలు ఒక ఎకరం. కాగితం మీద 1.20 అంటే ఒక ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఈ సంప్రదాయం తెలియని ప్రోగ్రామర్ ఆ కాలమ్‌ను దశాంశంగా పెట్టుకున్నాడనుకోండి. రైతు తన 1.20లో 0.30 అమ్మాడు. క్వెరీ విస్తీర్ణంలోంచి 0.30 తీసేసింది. టేబుల్‌లో 0.90 మిగిలింది. తొంభై గుంటలంటే రెండెకరాల పది గుంటలు. ఎకరంన్నర భూమిలో కొంత అమ్మితే రెండెకరాలకు పైగా మిగిలినట్టు! నిజంగా మిగలాల్సింది 60 గుంటల్లో 30 పోగా 30 గుంటలు, అంటే 0.30. కొన్న రైతుకు ముందే 0.25 ఉంటే అతని వరుసలో 0.55 అని పడుతుంది. ఉండాల్సింది 1.15.

ఇది డబ్బు దాకా వెళుతుంది. ఎకరాకు రూ.6,000 చొప్పున ఎకరంన్నరకు రూ.9,000 రావాలి. 1.20ను దశాంశంగా గుణిస్తే రూ.7,200 వస్తుంది. అమ్మిన తర్వాత మిగిలిన 30 గుంటలకు రూ.4,500 రావాలి. 0.90ను గుణిస్తే రూ.5,400. ఒకసారి రైతుకు నష్టం, ఒకసారి ఖజానాకు నష్టం. రెండూ ఒకే కాలమ్ తప్పు.

మాక్ టెస్ట్ ఈ తప్పును ఎలా పట్టుకుంటుంది? పట్టుకోదు, ఎందుకంటే తీసివేత జరిగేది డేటాబేస్‌లో. మాక్ దగ్గర తీసివేతే జరగలేదు. నిజమైన టేబుల్‌లో 1.20 ఉన్న ఒక వరుస పెట్టి, క్వెరీ నడిపి, మిగిలిన విస్తీర్ణం 0.30 ఉండాలని ఒక్క అసర్షన్ రాస్తే క్షణంలో బయటపడుతుంది. అలాంటి టెస్ట్ రాయడానికి కూర్చున్నప్పుడే ప్రోగ్రామర్ "మిగలాల్సింది ఎంత?" అని రెవెన్యూ తెలిసినవారిని అడుగుతాడు. మాక్ టెస్ట్ రాసేవాడికి ఆ ప్రశ్న అడిగే అవసరమే రాదు.

ఖాళీ గడుల సంగతీ అంతే. స్థితి కాలమ్‌లో "వివాదం" అని లేని భూములన్నింటినీ అర్హతలోకి తీసుకోమని ఒక అప్‌డేట్ రాశామనుకోండి. ఆ కాలమ్ ఎప్పుడూ నింపని వరుసల్లో నల్ ఉంటుంది. ఎస్‌క్యూఎల్ లెక్కలో నల్ "వివాదం"తో సమానమా కాదా అంటే జవాబు "అవును" కాదు, "కాదు" కూడా కాదు, "తెలియదు". తెలియని వరుసను వేర్ క్లాజు వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. ఏ గొడవా లేని భూమి ఉన్న రైతు, కేవలం ఆ గడి ఖాళీగా ఉన్నందుకు జాబితాలో లేకుండా పోతాడు. మాక్‌కు నల్ లెక్క తెలియదు. డేటాబేస్‌కు తెలుసు.

హెచ్2 చాలదు

"సరే, మాక్ వద్దు, హెచ్2 వాడతాం" అనేవారు సగం దారి వచ్చారు. హెచ్2 మంచి డేటాబేస్. జావాలోనే రాసింది, మెమరీలో వేగంగా నడుస్తుంది. ప్రొడక్షన్‌లో కూడా హెచ్2నే వాడుతుంటే నాకు పేచీ లేదు. ప్రొడక్షన్‌లో మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ ఉన్నప్పుడు హెచ్2లో పాసవడం వాటి గురించి పూర్తిగా చెప్పదు. అప్‌డేట్ దగ్గరే ఈ తేడాలు ఎంత లోతుగా ఉంటాయో మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది. పట్టా మారేటప్పుడు ఒకే క్వెరీలో యజమాని కాలమ్‌లో కొత్త పేరు, పాత యజమాని కాలమ్‌లో ఇప్పటిదాకా ఉన్న యజమాని పేరు పెడతాం. ప్రామాణిక ఎస్‌క్యూఎల్ ప్రకారం కుడివైపు విలువలన్నీ మార్పుకు ముందున్నవే. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ అలాగే చేస్తాయి. మైఎస్‌క్యూఎల్ మాత్రం సెట్ భాగాన్ని ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా అమలు చేస్తుంది. యజమాని ముందు మారిపోతాడు కాబట్టి, పాత యజమాని గడిలో కూడా కొత్త పేరే పడుతుంది. అమ్మినవాడి పేరు ఆ వరుసలోంచి శాశ్వతంగా పోతుంది. ఇది మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉన్న ప్రవర్తన. ప్రామాణిక పద్ధతిలో నడిచే ఇంజిన్ మీద ఎన్ని టెస్టులు పాసైనా ఈ నష్టం కనబడదు.

రెండోది మన లిపికి సంబంధించినది. నేరేడుచర్లకు దగ్గరలో పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ ఉంది. సైదులు దర్గాతో పేరున్న ఊరు. ఆ పేరును సరిగ్గా టైప్ చేస్తే న-కార పొల్లుకూ ప-కారానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు ఉంటుంది. అది లేకపోతే రెండు అక్షరాలూ కలిసి సంయుక్తాక్షరం అయిపోతాయి. కొన్ని కీబోర్డులు మాట చివరి పొల్లు తర్వాత కూడా ఈ గుర్తును పెడతాయి. అప్పుడు కంటికి తేడానే తెలియదు. మైఎస్‌క్యూఎల్ 8లో మామూలుగా వచ్చే కొలేషన్ ఈ గుర్తును లెక్కలోకి తీసుకోదు, రెండు రూపాలూ ఒకటే అంటుంది. పోస్ట్‌గ్రెస్, హెచ్2 మామూలు అమరికలో రెండూ వేరంటాయి. ఊరి పేరుతో అప్‌డేట్ చేసే క్వెరీ ఒక ఇంజిన్ మీద అన్ని వరుసలనూ తాకుతుంది, మరో ఇంజిన్ మీద కొన్నింటిని వదిలేస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ రాసేవారికి ఈ సమస్య ఎన్నటికీ ఎదురవదు. తెలుగు డేటా దాచుకునే సాఫ్ట్‌వేర్‌ను తెలుగు వరుసలతో, అసలు ఇంజిన్ మీద పరీక్షించాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

మూడోది ఒరాకిల్ నుంచి. అక్కడ కాలమ్ పొడవు 30 అని పెడితే మామూలుగా 30 బైట్లని అర్థం. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కోదానికి 3 బైట్లు. "నేరేడుచర్ల" అన్న పేరులో ఇలాంటి గుర్తులు సరిగ్గా 10 ఉన్నాయి, అంటే 30 బైట్లు. పేరు అంచుదాకా పట్టింది. 2018 తర్వాత దాన్ని "నేరేడుచర్ల మున్సిపాలిటీ" అని అప్‌డేట్ చేస్తే 67 బైట్లవుతుంది, ఒరాకిల్ తిరస్కరిస్తుంది. పొడవును అక్షరాల్లో కొలిచే హెచ్2కు ఇది 23 మాత్రమే, హాయిగా పడుతుంది. టెస్ట్ పాస్, ప్రొడక్షన్‌లో ఫెయిల్.

హైబర్నేట్ రాసిపెడుతుందనే భరోసా

హైబర్నేట్, స్ప్రింగ్ డేటా వాడితే క్వెరీని పరీక్షించనక్కర్లేదన్నది మరో ప్రబలమైన నమ్మకం. నిజానికి ఇక్కడే టెస్ట్ ఎక్కువ అవసరం, ఎందుకంటే మధ్యలో ఒక పొర పెరిగింది. మాడిఫైయింగ్ అనే యానొటేషన్‌తో రాసిన, ఒకేసారి చాలా వరుసలను మార్చే అప్‌డేట్ నేరుగా డేటాబేస్‌కు వెళుతుంది. అప్పటికే మెమరీలోకి తెచ్చుకున్న ఆబ్జెక్టులకు ఆ సంగతి తెలియదు. ఆ వెంటనే ఐడీతో వెతికితే పాత ఆబ్జెక్టే తిరిగొస్తుంది. దాన్ని చూసి ప్రోగ్రాం పాత విలువతో ముందుకు పోతుంది. వెర్షన్ కాలమ్ పెట్టి ఇద్దరు ఒకేసారి మార్చకుండా కాపలా కాసుకున్నా, అలాంటి మామూలు అప్‌డేట్ ఆ వెర్షన్‌ను చూడదు, పెంచదు. కాపలా ఉందనుకున్న తలుపు తెరిచే ఉంటుంది.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. అసలు డేటాబేస్‌తో టెస్ట్ రాసేవారు కూడా దానికి లోనవుతారు కాబట్టి దాచకుండా చెప్పాలి. టెస్ట్‌కు ట్రాన్సాక్షనల్ యానొటేషన్ పెట్టి, ఆబ్జెక్ట్‌లో విలువ మార్చి, అదే సెషన్‌లో తిరిగి చదివితే మార్పు కనబడుతుంది. అప్‌డేట్ క్వెరీ ఇంకా డేటాబేస్‌కు వెళ్లనే లేదు. చివర్లో రోల్‌బ్యాక్ అయిపోతుంది, క్వెరీ ఒక్కసారి కూడా నడవదు, టెస్ట్ పాసవుతుంది. అందుకే చదివే ముందు ఫ్లష్ చేయాలి, క్లియర్ చేయాలి. వీలైతే జేడీబీసీ ద్వారా విడిగా చదివి చూడాలి. అసలు డేటాబేస్ పెట్టుకున్నంత మాత్రాన పుణ్యం రాదు. క్వెరీ దాకా వెళ్లి చూడాలి.

నెమ్మది, పెళుసు అనే అభ్యంతరాలు

వేగం గురించిన వాదనకు ఒకప్పుడు బలముండేది. డేటాబేస్ సర్వర్ ఎక్కడో ఉండేది, జట్టు మొత్తానికి ఒకటే ఉండేది, దాన్ని నింపడానికి, తుడవడానికి గంటలు పట్టేవి. 2015లో మొదలైన టెస్ట్‌కంటెయినర్స్ ఆ పరిస్థితిని మార్చింది. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ ఏదైనా టెస్ట్ నడిచేటప్పుడే పుట్టి, పని కాగానే పోతుంది. ఆ ప్రాజెక్టు వెనకున్న ఆటమిక్‌జార్ సంస్థను 2023 డిసెంబర్‌లో డాకర్ సంస్థే కొనేసింది. కంటెయినర్‌ను ప్రతి టెస్టుకూ కాకుండా మొత్తం సూట్‌కు ఒక్కసారి లేపి, ఫ్లైవే లేదా లిక్విబేస్‌తో ప్రొడక్షన్‌లో నడిచే టేబుళ్లనే తయారుచేసి, ఒక్కో టెస్టుకు నాలుగైదు వరుసలు మాత్రమే పెట్టుకుంటే ఆ టెస్ట్ ప్రోగ్రామర్ ఓపికకు పరీక్ష కాదు. ప్రతి ఒక్కరికీ సొంత డేటాబేస్ ఉంటుంది కాబట్టి ఒకరి చెత్త ఒకరికి తగలదు. పెళుసుదనం డేటాబేస్ లక్షణం కాదు, దాన్ని పదిమంది పంచుకోవడం వల్ల వచ్చిన జబ్బు. డాకర్ మోయలేని ల్యాప్‌టాప్ ఉన్న కోదాడ, సూర్యాపేట విద్యార్థులైనా పోస్ట్‌గ్రెస్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఖర్చు లేదు.

మాక్‌లకు చోటు లేదని నేననడం లేదు. సున్నా వరుసలు మారాయని రిపాజిటరీ చెబితే సర్వీస్ క్లాస్ ఎక్సెప్షన్ విసరాలి, రైతుకు ఎస్సెమ్మెస్ పంపకూడదు అన్న నిర్ణయాన్ని మాక్‌తోనే పరీక్షించండి. అది జావాలో జరిగే నిర్ణయం. డేటాబేస్‌లో జరిగే పనిని డేటాబేస్‌లో పరీక్షించండి.

ఇక చివరి ఆశ టెస్టర్ల మీద. "యూఏటీలో (వాడేవారి అంగీకార పరీక్షలో) పట్టుకుంటారు" అంటారు. సెలెక్ట్ తప్పయితే పట్టుకుంటారు, ఎందుకంటే తప్పు తెర మీద కనబడుతుంది. అప్‌డేట్ తప్పు అలా కనబడదు. టెస్టర్ చిల్లేపల్లి 112ను మార్చి, చిల్లేపల్లి 112ను తెరిచి చూస్తాడు. అది సరిగానే ఉంటుంది. చెడింది పెంచికల్‌దిన్నె 112. దాన్ని తెరవాలని ఎవరికీ తోచదు. పాత విలువ మీద కొత్త విలువ రాసేశాం కాబట్టి తర్వాత పోల్చి చూసుకోవడానికీ ఏమీ మిగలదు.

ఏం చేయాలి?

నా ప్రతిపాదన కొత్తదేమీ కాదు, కష్టమైనదీ కాదు. ప్రతి అప్‌డేట్ క్వెరీకి అసలు ఇంజిన్ మీద ఒక టెస్ట్. అందులో కనీసం ఈ వరుసలు: మారాల్సిన వరుస, అదే సర్వే నంబరుతో వేరే ఊరి వరుస, అదే ఊళ్లో పక్క నంబరు వరుస, వేర్ క్లాజు చూసే కాలమ్‌లో నల్ ఉన్న వరుస, కనబడని గుర్తుతో రాసిన తెలుగు పేరు ఉన్న వరుస. క్వెరీ నడిపాక నాలుగు సంగతులు చూడాలి. తిరిగొచ్చిన సంఖ్య సరిగ్గా అనుకున్నదేనా? మారాల్సిన వరుసలో మారాల్సిన కాలమ్‌లు మాత్రమే మారాయా? మిగతా వరుసలన్నీ అణువంతైనా మారకుండా ఉన్నాయా? అదే క్వెరీ రెండోసారి నడిస్తే ఏమవుతుంది? డబ్బు, విస్తీర్ణం, నిల్వ లాంటి వాటికైతే ఐదోది కూడా: రెండు కనెక్షన్లు ఒకేసారి మార్చబోతే ఒకరి మార్పు మరొకరి మార్పును మింగేయడం లేదు కదా?

తిరిగొచ్చే సంఖ్య దగ్గర కూడా ఇంజిన్ మీదే చూడాలి. మైఎస్‌క్యూఎల్‌కు వాడే కనెక్టర్-జే మామూలుగా వేర్ క్లాజుకు దొరికిన వరుసల సంఖ్య ఇస్తుంది. విలువ నిజంగా మారిందా అన్నది అందులో తెలియదు. మారిన వాటి లెక్కే కావాలంటే కనెక్షన్ సెట్టింగ్ మార్చుకోవాలి. ఈ తేడాను మాక్ ఏ రోజూ నేర్పదు. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లోని సేఫ్ అప్‌డేట్స్ సెట్టింగ్ వేర్ లేని అప్‌డేట్‌ను ఆపుతుంది, మంచిదే. తప్పుడు వేర్‌ను అది ఆపలేదు.

ఈ మాత్రం శ్రమ ఎందుకని అడిగేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. ధరణి రోజుల్లో పాస్‌బుక్‌లోని తప్పును సరిచేయించుకోవడానికి రైతు టీఎం-33 అనే మాడ్యూల్ కింద దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తప్పుల కారణాలు చాలా: పాత రికార్డుల అస్పష్టత, ఎంట్రీలో పొరపాట్లు, చట్టంలోని లోటుపాట్లు. అవన్నీ క్వెరీల తప్పని నేననడం లేదు. ఒక్క వరుస తప్పయితే మనిషి బతుకులో ఏమేం ఆగిపోతాయో మాత్రం ఆ అనుభవం తెలంగాణకంతటికీ నేర్పింది. బ్యాంకు అప్పు ఆగుతుంది, అమ్మకం ఆగుతుంది, పెట్టుబడి సాయం ఆగుతుంది, కూతురి పెళ్లికి అమ్ముకుందామనుకున్న అరెకరం చేతికి రాదు. తప్పు చేయని మనిషి తన భూమి తనదేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసు మెట్లు ఎక్కాలి. వ్యవస్థల్లో తప్పులకు వేరే కారణాలు ఎన్ని ఉన్నా, ప్రోగ్రామర్ తన చేతిలో ఉన్న ఒక్క కారణాన్ని తీసేయగలడు.

కాబట్టి జట్లను నడిపే సీనియర్లను కోరుతున్నాను: కోడ్ రివ్యూలో అప్‌డేట్ క్వెరీ కనబడగానే, "డేటాబేస్‌ను ఎందుకు ముట్టుకున్నావు?" అన్న ప్రశ్న మానేయండి. "మారకూడని వరుసలు ఏ టెస్టులో ఉన్నాయి?" అని అడగండి. అలాంటి టెస్ట్ చూపేదాకా మెర్జ్ చేయకండి. జావా పాఠాలు చెప్పేవారిని కోరుతున్నాను: మాక్‌తో ఎగ్జిక్యూట్‌అప్‌డేట్‌ను తనిఖీ చేసే పాఠాన్ని సిలబస్‌లోంచి తీసేయండి, దాని చోట నిజమైన టేబుల్, నాలుగు వరుసలు, ఒక తప్పుడు వేర్ క్లాజు పెట్టి ఏం జరుగుతుందో విద్యార్థికి కళ్లారా చూపించండి. నేరేడుచర్ల నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి వెళ్లి ఈ వృత్తిలో చేరిన ప్రతి ప్రోగ్రామర్‌కూ పొలం ఉన్న చుట్టమో, పాస్‌బుక్ ఉన్న నాన్నో ఉంటారు. మనం రాసే వేర్ క్లాజు అవతలి ఊళ్లోని ఒక మనిషి హక్కును తాకుతుంది. తాకకూడని హక్కును తాకలేదని రుజువు చేసే బాధ్యత ఆ క్వెరీ రాసినవాడిదే.